పన్నెండు బోరుతో పెద్ద జంతువుల వేట: ఒకే బరువైన గుండా, ఎల్.జి. గుండ్లా?

ప్రశ్న: పెందుర్తి వాసి

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం శివారులోని పెందుర్తి. మా తాతగారి కాలం నాటి జంట గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఒకటి మా ఇంట్లో ఉంది. ఆయన తదనంతరం లైసెన్సు నాన్నగారి పేరు మీదకు, అక్కడి నుంచి నా పేరు మీదకు మారింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దానిని పోలీసు స్టేషనులో అప్పగించి, ముగిసిన తరువాత తెచ్చుకోవడం తప్ప నాకు దానితో వేరే పని పడలేదు. మన దేశంలో సరదా వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు నిషిద్ధమని నాకు తెలుసు కనుక, నా ప్రశ్న ఇక్కడి అడవుల గురించి కాదని ముందే మనవి చేస్తున్నాను.

మా అక్కయ్య, బావగారు టెక్సాస్‌లో స్థిరపడ్డారు. వచ్చే శీతాకాలం నేను వెళ్ళినప్పుడు, దక్షిణ టెక్సాస్‌లో తనకు పరిచయమున్న ఒక రాంచ్‌లో అడవి పందులను, వీలు పడితే మనుబోతును కూడా వేటాడదామని బావగారు అంటున్నారు. అక్కడ నా చేతికి వచ్చేది పన్నెండు బోరు పంపు తుపాకి. దానిలో 000 బక్‌షాట్, అంటే కొన్ని పెద్ద గుండ్లు కలిసి ఉన్న తూటా, వేసుకుంటే గురి కాస్త తప్పినా ఎనిమిది గుండ్లలో రెండు మూడైనా తగులుతాయన్నది బావగారి మాట. రాంచ్ యజమాని మాత్రం బక్‌షాట్ వద్దని, మూడంగుళాల మాగ్నం స్లగ్, అంటే ఒకే బరువైన గుండు ఉన్న పొడవైన, శక్తి ఎక్కువైన తూటా, ఒక్కటే పనికి వస్తుందని కచ్చితంగా చెప్పారట. మా తాతగారు నర్సీపట్నం, చింతపల్లి అడవుల్లో మంచె మీద కూర్చుని ఎల్.జి. తూటాతోనే కణుజునూ పందినీ కొట్టేవారని, ఒకే గుండు ఉన్న బాల్ తూటాలను ఎలుగుబంటి కోసం విడిగా దాచుకునేవారని నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. ఆ లెక్కన బావగారి మాటే సరైనదని నాకు తోస్తోంది. ఎనిమిది గుండ్ల కన్నా ఒక్క గుండు ఎందుకు మేలవుతుందో, మాగ్నం అన్నది మా ఇంటి తుపాకిలో కూడా పేల్చదగినదేనో తెలిసినవారు వివరించగలరా?

సమాధానం: సీతమ్మధార గురి

పెందుర్తి వాసి గారూ, మీ తాతగారి అలవాటులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. ఆయన ఎలుగుబంటి కోసం బాల్ తూటాను దాచుకున్నారంటే, ఎల్.జి. ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు బాగా తెలుసునన్నమాట. మంచె మీద నుంచి, పది పదిహేను గజాల లోపల, కదలకుండా నిలబడి మేస్తున్న జంతువు మీద ఎల్.జి. పని చేయడంలో వింత లేదు. అదే తూటాతో నలభై గజాల అవతల పరుగెత్తే మగ పందిని కొడితే జరిగేది వేరు, ఆ సంగతులు ఇంట్లో కథలుగా చెప్పుకునేవి కావు కనుక మన దాకా రావు.

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. మన దేశంలో తూటాల మీద కనిపించే ఎల్.జి., ఎస్.జి. అన్నవి బ్రిటిష్ వారి కొలతలు. ఔన్సుకు ఆరు గుండ్లు తూగేది ఎల్.జి., ఎనిమిది తూగేది ఎస్.జి. ఎల్.జి. గుండు అడ్డుకొలత దాదాపు 9.1 మిల్లీమీటర్లు, ఎస్.జి. గుండుది 8.4 మిల్లీమీటర్లు. అమెరికా వారి 000 బక్‌షాట్ మన ఎల్.జి.కి, 00 బక్‌షాట్ మన ఎస్.జి.కి ఇంచుమించు సమానం. కాబట్టి మీ బావగారు సిఫారసు చేస్తున్నది మీ తాతగారు వాడినదే.

ఇక అసలు విషయానికి వస్తే, పెద్ద జంతువు పడిపోవాలంటే గుండు దాని ఊపిరితిత్తులనో గుండెనో చేరాలి. ఎన్ని గుండ్లు చర్మానికి తగిలాయన్నది కాక, తగిలినది ఎంత లోతుకు దిగిందన్నదే ఇక్కడ ముఖ్యం. ఆ లోతు గుండు వేగం మీద, అది ఎంత గట్టిదన్న దాని మీద, దాని అడ్డుకోతలో ఒక్కో చదరపు సెంటీమీటరు వెనుక ఎంత బరువు ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. 4.5 గ్రాముల ఎల్.జి. గుండు వెనుక ఈ బరువు చదరపు సెంటీమీటరుకు 7 గ్రాముల లోపే ఉంటుంది. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల పైచిలుకు తూగే మామూలు స్లగ్‌కు అది పదిన్నర గ్రాములు. మూడంగుళాల మాగ్నం తూటాలో వచ్చే 39 గ్రాముల బ్రెన్నికె అనే జర్మన్ రకం స్లగ్‌కు పద్నాలుగున్నర. పోలిక కోసం చెబుతున్నాను, ఆఫ్రికాలో అడవి దున్నల వేటకు వాడే .375 రైఫిలు గుండుకు ఇది 27 దాటుతుంది. ఎనిమిది గుండ్లు కలిసి వెళ్ళినంత మాత్రాన ఈ అంకె పెరగదు, ఎందుకంటే ఏ గుండు దారి దానిదే, ఒకటి దిగిన లోతు మరొకదానికి కలిసి రాదు.

శక్తి లెక్క మోసగించేదీ ఇక్కడే. తొమ్మిది గుండ్ల 00 తూటా సెకనుకు 400 మీటర్ల వేగంతో బయలుదేరితే మొత్తం శక్తి రెండున్నర వేల జౌళ్ళ దాకా వస్తుంది. ఒక ఔన్సు స్లగ్ సెకనుకు 475 మీటర్ల వేగంతో బయలుదేరితే అది 3,200 జౌళ్ళు. కాగితం మీద రెండింటికీ పెద్ద తేడా కనబడదు. కానీ ఆ రెండున్నర వేలను తొమ్మిది భాగాలు చేస్తే ఒక్కో గుండుకు దక్కేది 280 జౌళ్ళు, అంటే చిన్న జేబు పిస్తోలు గుండుతో సమానం. మగ అడవి పందికి భుజాల మీద, పక్కటెముకల మీద మందమైన కవచం వంటి పొర ఉంటుంది, బురదలో పొర్లి వచ్చినప్పుడు దాని మీద మట్టి పేరుకుని ఇంకా గట్టిపడుతుంది. దూరం నుంచి వచ్చిన బక్‌షాట్ ఆ పొరలోనే ఆగిపోతే పంది అప్పటికి పారిపోయి, రోజుల తరువాత పుండ్లు కుళ్ళి చస్తుంది. రాంచ్ యజమాని అభ్యంతరం బహుశా దీని గురించే అయి ఉంటుంది.

గుండ్లు చెదిరే తీరును కూడా గమనించండి. చోక్ (గొట్టం మూతి దగ్గరి ఇరుకు) లేని గొట్టం నుంచి వచ్చే బక్‌షాట్ గజానికి ఒక అంగుళం చొప్పున విచ్చుకుంటుందని వేటగాళ్ళ మోటు లెక్క. ముప్పై గజాల దగ్గర అది ముప్పై అంగుళాల వలయం అవుతుంది. పంది ప్రాణస్థానం మీ అరచేతులు రెండూ పక్కపక్కన పెట్టినంత కూడా ఉండదు. గురి కాస్త తప్పినా రెండు మూడు తగులుతాయని మీ బావగారు అన్నది నిజమే, కానీ అవి తగిలేది పొట్టలో, తొడలో, దవడలో.

సమాధానం: గాజువాక టు హ్యూస్టన్

నేను గాజువాకలో పెరిగి, చాలా కాలంగా హ్యూస్టన్ దగ్గర ఉంటున్నాను, ఇక్కడి పందుల వేట నాకు పరిచయమే. సీతమ్మధార గురి గారు చెప్పినదానికి స్లగ్‌ల రకాల గురించి కొంత కలుపుతాను, ఎందుకంటే దుకాణంలో అరల ముందు నిలబడినప్పుడు పొరపాటు పడేది అక్కడే.

స్లగ్ అనగానే అన్నీ ఒకటే కావు. జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెన్నికె 1898లో రూపొందించిన స్లగ్‌లో గట్టి సీసపు గుండు వెనుక వాడ్ అనే తేలికైన బిళ్ళ బిగించి ఉంటుంది, అది ఊడిపోకుండా గుండుతో పాటే ప్రయాణించి దాని నడకను తిన్నగా ఉంచుతుంది. అమెరికాలో కార్ల్ ఫాస్టర్ 1931లో తెచ్చిన స్లగ్ వెనుక భాగం గుల్లగా ఉండి బరువంతా ముందుకు ఉంటుంది, బ్యాడ్మింటన్ కాక్ మాదిరిగా ముక్కు ముందుకు పెట్టుకునే ఎగురుతుంది. రెండింటి మీదా కనిపించే ఏటవాలు గాడులు గుండును రైఫిలు గుండులా తిప్పుతాయని చాలామంది నమ్ముతారు గానీ, వాటి ముఖ్యమైన పని చోక్‌లో గుండు ఇరుక్కోకుండా నలిగి దారి ఇవ్వడమే. ఫాస్టర్ స్లగ్ మెత్తని సీసం కనుక జింకను తాకగానే పువ్వులా విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది, బరువైన ఎముక తగిలితే మాత్రం చదునై త్వరగా ఆగుతుంది. బ్రెన్నికె గట్టి మిశ్రమం కావడం వల్ల విచ్చుకోవడం తక్కువ, దిగడం ఎక్కువ. అలాస్కాలో ఎలుగుబంట్ల నుంచి ఆత్మరక్షణ కోసం పన్నెండు బోరు పట్టుకుని తిరిగేవారిలో చాలామంది బ్రెన్నికెనే ఎంచుకోవడానికి కారణం ఇదే. పెద్ద మగ పందికి నేను కూడా దానినే సిఫారసు చేస్తాను.

మూడో రకం సాబో స్లగ్. ప్లాస్టిక్ తొడుగులో సన్నని గుండు ఉంటుంది, ధర కూడా ఎక్కువ. ఇది గొట్టం లోపల మరలు ఉన్న తుపాకికే తప్ప మామూలు నున్నటి గొట్టానికి పనికిరాదు, అందులో పేలిస్తే గుండు తిరగక అడ్డంగా పల్టీలు కొడుతుంది. ఖరీదైనది కనుక మంచిదనుకుని దీనిని కొనకండి. మీకు ఇవ్వబోయే పంపు తుపాకి గొట్టం ఏ రకమో ముందే అడగండి. నున్నటి గొట్టమైతే సిలిండర్ (ఇరుకు లేని) లేదా ఇంప్రూవ్డ్ సిలిండర్ (స్వల్పంగా ఇరుకైన) చోక్ బిగించి ఫాస్టర్ గానీ బ్రెన్నికె గానీ వాడండి, గొట్టం మూతి మీద పూస గురి మాత్రమే ఉంటే యాభై గజాలు దాటి కాల్చవద్దు. ఇవి లావుగా, పొట్టిగా ఉండటం వల్ల గాలిలో వేగం త్వరగా కోల్పోతాయి. ఔన్సు ఫాస్టర్ స్లగ్ వంద గజాలకు చేరేసరికి బయలుదేరినప్పటి శక్తిలో సగానికి మించి పోగొట్టుకుంటుంది.

మనుబోతు విషయంలో నా అభిప్రాయం వేరు. మన దేశపు జంతువే అయినా దక్షిణ టెక్సాస్ రాంచ్‌లలో గత శతాబ్దం తొలి సగంలో తెచ్చి వదిలిన మందలు ఇప్పుడు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. పెద్ద పోతు 240 కిలోలు దాటవచ్చు. మెడ, భుజాల దగ్గర తోలు చాలా మందం, దెబ్బ తిన్న తరువాత కూడా చాలా దూరం పరుగెత్తగలదని ఇక్కడి వారందరూ చెబుతారు. అది తిరిగేది చెట్లు తక్కువగా ఉన్న తీరపు మైదానాల్లో, మనిషిని దూరం నుంచే పసిగడుతుంది, కాబట్టి కాల్చే అవకాశం సాధారణంగా నూరు గజాల అవతలే దొరుకుతుంది. అంత దూరానికి నున్నటి గొట్టపు పన్నెండు బోరు, అందులో ఎంత బరువైన స్లగ్ వేసినా, సరైన ఆయుధం కాదు. రాంచ్ వారిని .300 మాగ్నం స్థాయి రైఫిలు అడగండి, లేదా మనుబోతును ఈసారికి వదిలేయండి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. మీరు పర్యాటక వీసా మీద వస్తే, అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటేనే తుపాకి పట్టుకోవచ్చు. ఇక్కడొక తిరకాసు ఉంది. 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందులను వేటాడటానికి రాష్ట్ర లైసెన్సు అవసరం లేదు. ఆ మాట విని మీ బావగారు లైసెన్సు ఎందుకని అనవచ్చు. ఆయనకు అవసరం లేకపోవచ్చు గానీ, వీసా మీద వచ్చిన మీకు ఆ లైసెన్సే తుపాకి ముట్టుకునే హక్కు ఇస్తుంది కనుక తప్పక తీసుకోండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ శిక్షణ కూడా పూర్తి చేయాలి, పదిహేడేళ్ళు నిండినవారికి అది ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది.

సమాధానం: కొండదారి

పై ఇద్దరు పెద్దలూ బక్‌షాట్‌ను మరీ తీసిపారేస్తున్నారని నాకనిపిస్తోంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కుక్కలను వదిలి, చిత్తడి పొదల్లోంచి దూసుకు వచ్చే జింకలను తరతరాలుగా బక్‌షాట్‌తోనే కొడుతున్నారు. ఆఫ్రికాలో గాయపడిన చిరుత పొదలోంచి మీద పడేటప్పుడు బక్‌షాట్ నింపిన తుపాకినే నమ్ముకునే వృత్తి వేటగాళ్ళు ఉన్నారు. పొదలో పది గజాల దూరంలో హఠాత్తుగా లేచిన పంది మీదకు ఒకే గుండుతో గురి పెట్టడం కొత్తవాడికి సాధ్యమేనా?

సమాధానం: సీతమ్మధార గురి

కొండదారి గారు చెప్పిన రెండు ఉదాహరణలూ నిజమే, కానీ రెండింటిలోనూ జంతువు తేలికపాటిది, దూరం చాలా తక్కువ. చిరుత సాధారణంగా అరవై డెబ్బై కిలోలు మించని, పలుచని తోలున్న జంతువు. అలాంటి దానికి కూడా బక్‌షాట్ చాలదని వాదించే వృత్తి వేటగాళ్ళు ఉన్నారు. అమెరికా జింకకు పందికున్న కవచం లేదు. అలాగని పది గజాల లోపల బక్‌షాట్ పనికిరాదని నేను అనను, అంత దగ్గరలో గుండ్లు ఇంకా విడిపోక గుంపుగానే వెళతాయి. అయితే అంత దగ్గరలో గుంపుగా వెళ్ళే గుండ్లకు కూడా స్లగ్‌కు పెట్టినంత గురే పెట్టాలి, విచ్చుకోవడం వల్ల కలిసి వచ్చే సౌకర్యం అక్కడ ఉండదు. అది కలిసి వచ్చే దూరానికి వెళితే లోతు చాలదు. కొత్తవాడు చేయవలసింది, పొదల్లోకి వెళ్ళకుండా మాటు మీద కూర్చుని, పక్కకు తిరిగి నిలబడిన జంతువునే కాల్చడం.

ఇదే ఇబ్బందిని నూటనలభై ఏళ్ళ కిందటే మన దేశంలో వేటాడిన దొరలు ఎదుర్కొన్నారు. పిట్టలకు రవ్వ తూటా, పెద్ద జంతువుకు బరువైన గుండు ఒకే తుపాకిలో కావాలన్న అవసరం నుంచే ప్యారడాక్స్ తుపాకి పుట్టింది. ఫాస్బెరీ అనే బ్రిటిష్ సైనికాధికారి 1885లో పేటెంటు తీసుకున్న ఆ పద్ధతిలో గొట్టం పొడవునా నున్నగా ఉండి, మూతి దగ్గర కొద్ది అంగుళాల మేరకే మరలు ఉంటాయి. హాలండ్ అండ్ హాలండ్ వారు దానిని తయారు చేశారు. పాత సంస్థానాల ఆయుధశాలల సంగతులలో ఆ పేరు తరచు కనబడుతుంది. అందులో వాడినది కూడా ఒకే బరువైన గుండు అన్నది గమనించండి.

ఇక మీ రెండో ప్రశ్న. మీ ఇంటి తుపాకిలో మాగ్నం తూటా ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దు. పాత ఇంగ్లీషు తుపాకులలో చాలావాటిలో తూటా కూర్చునే గది పొడవు రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లే. తరువాతి వాటిది 70, మాగ్నంది 76. తూటా మీద రాసే పొడవు పేలి, మూతి విచ్చుకున్న తరువాతి పొడవు. పేలని తూటా మడత పెట్టి ఉండటం వల్ల పొట్టిగా ఉండి, చిన్న గదిలో కూడా ఏ అడ్డూ లేకుండా కూర్చుంటుంది. తుపాకి చక్కగా మూసుకుంటుంది కూడా. పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు లేక దారి ఇరుకై లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టాల అడుగున, తెరిచినప్పుడు కనిపించే చదునైన భాగంలో ప్రూఫ్ ముద్రలతో (తుపాకిని పరీక్షించి వేసే గుర్తులతో) పాటు గది పొడవు చెక్కి ఉండవచ్చు. లేకపోతే లైసెన్సు ఉన్న మరమ్మతుదారు చేత కొలిపించండి. గొట్టాల మీద చెక్క మీది చారల వంటి అల్లిక కనబడితే అది డమాస్కస్ గొట్టం, అందులో ఏ ఆధునిక తూటా కూడా వద్దు.

ప్రశ్న అడిగిన వారి మాట: పెందుర్తి వాసి

ఇద్దరికీ, కొండదారి గారికి కూడా కృతజ్ఞతలు. గొట్టాల అడుగున రెండున్నర అన్న అంకె స్పష్టంగా ఉంది, కాబట్టి ఆ విషయం తేలిపోయింది. బావగారికి ఈ చర్చ చదివి వినిపించాను. మనుబోతు ఆలోచన మానుకుని, పందుల కోసం బ్రెన్నికె స్లగ్‌కు ఒప్పుకున్నారు. ఇంకొక్క సందేహం ఉంది. తాతగారి పెట్టెలో పాత ఎల్.జి. తూటాలు కొన్ని, బాల్ తూటాలు కొన్ని మిగిలి ఉన్నాయి. కాగితపు గొట్టాలు ఉబ్బాయి, ఇత్తడి అడుగు పచ్చబడింది. వీటిని ఏం చేయాలి? అలాగే మా బంధువుల పొలాలు అనకాపల్లి వైపు ఉన్నాయి, పందులు చెరకును పాడు చేస్తున్నాయి. లైసెన్సు తుపాకి ఉంది కదా అని వారు నన్ను అడుగుతున్నారు.

సమాధానం: సీతమ్మధార గురి

మన సముద్రపు గాలికి ఇత్తడి పచ్చబడటం, కాగితం చెమ్మ పీల్చి ఉబ్బటం మామూలే. అటువంటి తూటా గదిలో ఇరుక్కోవచ్చు, పేలకపోవచ్చు, లేదా మీట నొక్కిన క్షణం తరువాత పేలవచ్చు, ఈ చివరిది అన్నింటికన్నా ప్రమాదం. వాటిని పేల్చడం, విప్పడం, చెత్తలో వేయడం చేయకుండా, లైసెన్సు పుస్తకంతో సహా స్టేషనుకు గానీ లైసెన్సు పొందిన ఆయుధ డీలరు దగ్గరకు గానీ వెళ్ళి, రాతపూర్వకంగా అప్పగించి రసీదు తీసుకోండి. మీ లైసెన్సులో ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చునని రాసి ఉందో కూడా ఒకసారి చూసుకోండి, తాతగారి మిగులు కలిపితే ఆ సంఖ్య దాటి ఉండవచ్చు.

చెరకు విషయంలో మీరు చేయి వేయకండి. అడవి పంది 2022 నాటి సవరణ తరువాత వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని రెండో షెడ్యూలులో, అంటే రక్షిత జంతువుల జాబితాలో, ఉంది. పంటకు నష్టం చేసే జంతువును చంపడానికి సెక్షన్ 11 కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతించాలి, మీకున్న ఆయుధ లైసెన్సు ఆ అనుమతి కాదు. మీ బంధువులను అటవీ శాఖ రేంజ్ కార్యాలయంలో పంట నష్టం దరఖాస్తు పెట్టమనండి. ఆ గట్ల మీద నాటు తుపాకులు, కరెంటు తీగలు పెట్టేవారు ఉంటే వారికి కూడా ఈ మాట చేరవేయండి, ఆ తీగలకు పందుల కన్నా ముందు మనుషులు, పశువులు బలవుతున్న వార్తలు చూస్తూనే ఉన్నాం.

సమాధానం: గాజువాక టు హ్యూస్టన్

మాగ్నం స్లగ్ గురించి చివరగా ఒకటి. మూడు కిలోల పంపు తుపాకిలో అది భుజాన్ని గట్టిగానే తన్నుతుంది, కొత్తవారు రెండో తూటాకే కళ్ళు మూసుకుని మీట లాగడం మొదలుపెడతారు. రాంచ్‌కు వెళ్ళే ముందు షూటింగ్ రేంజ్‌లో బల్ల మీద ఆనించి తక్కువ శక్తి తూటాలతో మొదలుపెట్టి, తరువాత వేటకు వాడబోయే స్లగ్‌తోనే యాభై గజాల దగ్గర అది ఎక్కడ తగులుతుందో చూసుకోండి, ఒక్కో తుపాకి ఒక్కో స్లగ్‌ను ఒక్కో చోట వేస్తుంది. మీకు ఆ మాగ్నం భరించలేనిదనిపిస్తే, రెండుముప్పావు అంగుళాల బ్రెన్నికె ఔన్సు స్లగ్‌తో తృప్తి పడండి. నలభై గజాల లోపల పక్కకు తిరిగిన పందికి అది చాలు.